కెమెరా రివ్యూ వీడియోలు: ఏళ్ల తరబడి చూశాక నా మాట

పెళ్లిళ్ల ఫొటోలు తీయడం నా పని. ఉండేది కాకినాడ. లెన్స్ కొనాలన్నా, ఫ్లాష్ కొనాలన్నా ముందు యూట్యూబ్ తెరవడం ఎప్పటి నుంచో అలవాటు.

షార్ప్‌నెస్ విషయంలో మాత్రం ఈ వీడియోలను నమ్మను. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో ఫ్రేముకు దాదాపు 20 లక్షల పిక్సెళ్లే ఉంటాయి. 24 మెగాపిక్సెళ్ల (2.4 కోట్ల పిక్సెళ్ల) ఫొటోను అందులోకి కుదించి, కంప్రెస్ చేస్తే, దాన్ని మనం ఫోన్లో చూస్తాం. అక్కడ ఏ లెన్సయినా బాగానే కనిపిస్తుంది. అందుకే లెన్సుల కోసం యూట్యూబ్‌లో లెన్సులు పరీక్షించే క్రిస్టఫర్ ఫ్రాస్ట్ లాంటివాళ్లనే చూస్తాను. టెస్ట్ చార్ట్‌ను ఫొటో తీసి, ఒక్కో ఎఫ్ నంబర్ (లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) దగ్గర మధ్యభాగం, మూలలు దగ్గరగా చూపిస్తాడు. కాస్త బోరే, కానీ పనికొస్తుంది.

ఆటోఫోకస్‌కి మాత్రం వీడియోను మించింది లేదు. మనిషి నడిచొస్తుంటే ఫోకస్ పెట్టె కంటి మీదే నిలుస్తోందా, జారి వెనక గోడ మీదికి పోతోందా అన్నది పది పేజీలు చదివినా తెలియదు.

టెక్నిక్ వీడియోల్లో ఫ్లాష్ పాఠాలు నాకు బాగా ఉపయోగపడ్డాయి. కాకపోతే వాళ్లు తెల్లటి సీలింగ్ ఉన్న గదిలో బౌన్స్ చేసి, అంటే ఫ్లాష్ వెలుగును పైకి కొట్టి మనిషి మీద పడేలా చేసి, చూపిస్తారు. మన పెళ్లిపందిట్లో పైనంతా ఎర్రగుడ్డ, పసుపుగుడ్డ. ఫ్లాష్ పైకి కొడితే పెళ్లికూతురి ముఖం నారింజ రంగుకి తిరుగుతుంది. వైట్ బ్యాలెన్స్‌తో (ఫొటో మొత్తం రంగు సవరించే సెట్టింగ్) ముఖం సరిచేస్తే వెనకున్న తెల్ల పంచెలు నీలంగా మారతాయి. పక్క నుంచి తెల్ల గొడుగుతో లైటు ఇవ్వడమే నాకు కుదిరింది. ఇంకొకటి, అమెరికా వాళ్లు లైట్ల మిణుకు తగ్గాలంటే షటర్ వేగం 1/60 లేదా 1/120 సెకను పెట్టమంటారు. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. మండపంలో చవక ఎల్‌ఈడీల కింద 1/50 లేదా 1/100 పెడితేనే ఆ మిణుకు వల్ల పడే చారలు తగ్గుతాయి.

మన్నిక గురించి అడగొద్దు. వారం వాడి చేసిన రివ్యూలో గ్రిప్ రబ్బరు ఊడిందని ఎవరు చెబుతారు? సముద్రపు తేమకు లెన్సులో ఫంగస్ పడుతుందని నేను చూసిన విదేశీ రివ్యూల్లో ఒక్కరూ అనలేదు. సిలికా జెల్ వేసి గాలి చొరని డబ్బాలో దాచమని చెప్పింది మా ఊళ్లో కెమెరాలు బాగుచేసే ఆయనే.

వీడియో కింద ఉన్న లింకు నొక్కి కొంటే రివ్యూ చేసేవాళ్లలో చాలామందికి కమీషన్ వస్తుంది. అది తప్పని అనను. వస్తువు విడుదలైన రోజే వచ్చిన రివ్యూలు వదిలేసి, ఏడాది వాడాక చేసినవి వెతుక్కుంటాను. అవి దొరకడమే కష్టం.