మూడేళ్లు వాడాక: మధ్య పిన్నుతో నా తగాదా

ఈ 65 వాట్ల లాప్‌టాప్ అడాప్టరు కొన్న కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ దీన్నే కొనమని చెప్పాను. బరువు తక్కువ, వేడెక్కదు, తీగ పొడుగు. మూడేళ్ల తర్వాత అందులో నేను వెనక్కి తీసుకోనిది తీగ పొడుగు ఒక్కటే.

ఒకరోజు చార్జింగ్ 41 శాతం దగ్గర ఆగిపోయింది. లాప్‌టాప్ నడుస్తోంది గానీ నత్తనడక. బ్యాటరీ పాతబడిందనుకున్నాను. లాప్‌టాప్‌లో బ్యాటరీ నివేదిక తీసి చూస్తే మొదట్లో 42 వాట్-అవర్లు పట్టేది 31కి దిగింది. ఇంకేముంది, దోషి దొరికిందని కొత్త బ్యాటరీ తెప్పించి బిగించాను. దాని చార్జీ కూడా ఉన్నచోటు నుంచి కదల్లేదు!

నిజానికి లాప్‌టాప్ తెరిచిన ప్రతిసారీ 'అడాప్టరు రకం తెలియడం లేదు' అని నల్లటి తెర మీద కనిపిస్తూనే ఉంది. నెల రోజులుగా ఏదో ఒక మీట నొక్కి దాటేస్తున్నది నేనే. అడాప్టరు ప్లగ్గుకు మల్టీమీటర్ పెడితే, రావలసిన 19.5 వోల్టులు ఖచ్చితంగా చూపించింది, దాంతో అడాప్టరు బాగానే ఉందనుకున్నాను. నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఆ అంకే.

ప్లగ్గు మధ్యలో సూదిలాంటి పిన్ను ఉంటుంది. కరెంటు దాని గుండా వస్తుందనుకునేవాణ్ని. కరెంటు వచ్చేది చుట్టూ ఉన్న గొట్టం లోపలి, బయటి అంచుల నుంచి. నా లాప్‌టాప్ లాంటి వాటిలో ఆ పిన్ను చేసే పనల్లా అడాప్టరు ఎన్ని వాట్లదో చెప్పడం. ఆ కబురు అందకపోతే లాప్‌టాప్ తన వేగం తగ్గించుకుని నడుస్తుంది, బ్యాటరీకి మాత్రం చుక్క పోయదు. ప్లగ్గు మెడ దగ్గర తీగను రెండు వేళ్లతో వంచి పట్టుకుంటే చార్జింగ్ దీపం వెలిగింది, వదిలితే ఆరింది. లోపల ఆ పిన్నుకు వెళ్లే వెంట్రుకంత తీగ విరిగింది. బట్టల క్లిప్పుతో ఆ వంపును నిలిపి వారం గడిపాను.

చివరికి లాప్‌టాప్ తయారీదారుదే 90 వాట్లది కొన్నాను. 'ఎక్కువ వాట్లు, కాలిపోతుంది' అని భయపెట్టారు. వోల్టులు, ప్లగ్గు సరిపోతే ఆ భయం అక్కర్లేదు. 3.34 ఆంపియర్ల చోట 4.62 ఇవ్వగలదంతే, లాప్‌టాప్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. తక్కువ వాట్లదైతేనే చిక్కు.

పాత బ్యాటరీ సగం చార్జితో సొరుగులో ఉంది. ఇంకో ఏడాది పనిచేసేదే.

లాప్‌టాప్ బల్ల మీదనుంచి కదలనివాళ్లకు ఆ పాత అడాప్టరు చాలు. నేను రోజూ తీగను దాని చుట్టూ బిగించి సంచిలో కుక్కేవాణ్ని, కాబట్టి పాపంలో నాకూ సగం వాటా ఉంది. కొత్తదాని తీగను వదులుగా చుడుతున్నాను, హడావిడి లేని రోజుల్లో.