కోత దగ్గర హెర్నియా: వట్టి కుట్లా, మెష్షా?

పాత ఆపరేషన్ కోత దగ్గర పొట్ట గోడ బలహీనపడి, లోపలి భాగం బయటికి తోసుకొచ్చి ఉబ్బితే (అదే హెర్నియా) సర్జన్ ముందు రెండు దారులుంటాయి. వట్టి కుట్లయితే శరీరంలో పరాయి వస్తువు తక్కువే. కానీ లాగుడంతా అప్పటికే బలహీనపడిన పొర మీద పడుతుంది; దగ్గినప్పుడల్లా దారం దాన్ని కోస్తూ ఉంటుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన వల, అంటే మెష్, ఆ ఒత్తిడిని పంచుకుంటుంది, దాని రంధ్రాల గుండా కొత్త కణజాలం అల్లుకుంటుంది.

2000లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, 6 సెంటీమీటర్ల లోపు హెర్నియా మొదటిసారి వచ్చినవాళ్లలో, మూడేళ్లకు కుట్లతో 43 శాతం మందికి, మెష్‌తో 24 శాతం మందికి తిరగబెట్టింది. ఈ తేడా చిన్నది కాదు, అందుకే నా మొగ్గు మెష్‌కే.

అయితే చీము పట్టిన చోట మెష్ పెడితే ఇన్ఫెక్షన్ వదలక దాన్నే తీసేయాల్సి రావచ్చు. పూత లేని మెష్ పేగులకు నేరుగా తగిలితే అవి అతుక్కుపోతాయి. మెష్‌ను ఏ పొరలో పెడతారో ముందే అడిగి తెలుసుకోండి.