సైడర్ (ఆపిల్ రసం పులియబెట్టి చేసే మద్యం) మొదటిసారా? ప్యాకెట్ జ్యూసా, ఆపిల్స్ పిండుకోవడమా

కష్టం: జ్యూస్ అయితే శుభ్రం చేసిన జార్‌లో పోసి, ఈస్ట్ చల్లి, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని రానివ్వని మూత) పెట్టడమే. ఆపిల్స్ అయితే కడగాలి, కొయ్యాలి, నలగ్గొట్టాలి, పిండాలి, 4 లీటర్ల రసానికి 7-8 కిలోలు పడతాయి, ప్రెస్ (రసం పిండే యంత్రం) లేకుండా గుడ్డలో పిండితే చేతులు పడిపోతాయి (ఒకసారి చేశా, ఇంక నావల్ల కాదు).

ఖర్చు: ఆపిల్ చెట్టు మీ సొంతమైతే సరే, లేదంటే జ్యూసే నయం.

రిస్క్: జ్యూస్ లేబుల్ చూడకుండా కొనకండి, పొటాషియం సార్బేట్ గానీ సోడియం బెంజోయేట్ గానీ (జ్యూస్ పాడవకుండా వేసేవి) ఉంటే ఈస్ట్ సరిగ్గా లేవదు, ఎయిర్‌లాక్‌లో బుడగ కోసం చూస్తూ కూర్చోవడమే. విటమిన్ సి ఉంటే పర్లేదు. పిండిన రసంలో గాల్లోంచి, తొక్కల్లోంచి వచ్చే సూక్ష్మజీవులుంటాయి, క్యాంప్‌డెన్ టాబ్లెట్ (వాటిని అణిచే సల్ఫైట్ బిళ్ళ) వేసి 24 గంటలు ఆగి అప్పుడు ఈస్ట్ వెయ్యాలి. ఏది చేసినా హైడ్రోమీటర్ (రసం సాంద్రత కొలిచేది, చక్కెర తగ్గేకొద్దీ అంకె తగ్గుతుంది) రీడింగ్ 1.000 దగ్గరకొచ్చి కొన్ని రోజులు కదలకుండా ఉన్నాకే సీసాల్లో పట్టండి, తొందరపడితే సీసా పేలుద్ది.

రుచి: ఇక్కడ మాత్రం పిండిందే గెలుస్తుంది, పుల్లవి తియ్యవి కలిపితే ఇంకా బాగుంటుంది. జ్యూస్ సైడర్ కొంచెం పల్చగా అనిపిస్తే స్ట్రాంగ్ బ్లాక్ టీ ఒక కప్పు కలపండి, వగరు వస్తుంది.

మొదటి బ్యాచ్ జ్యూస్‌తోనే కానివ్వండి. పెరట్లో చెట్టు విరగకాసి, ప్రెస్ అరువిచ్చేవాళ్ళు దొరికితే పిండుకోండి.