జాగ్రత్త: కొత్త రంగు వేసిన పాత పద్మినికి అడ్వాన్సు ఇచ్చేముందు బండి కింద పడుకుని చూడండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ప్రీమియర్ పద్మిని (పాత ఫియట్ కారు) కోసం వెతుకుతున్నవాళ్లకు ఈ హెచ్చరిక. క్రీం రంగు, ఎనభైల నాటి మోడల్, కొత్త సీటు కవర్లు, తళతళలాడే బంపర్లు, ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయ్యే ఇంజన్. అడుగుతున్నది 2.8 లక్షలు. పాత బండ్లు కొని, బాగుచేసి అమ్మే వ్యాపారి దగ్గరుంది. ఆయన పేరు రాయను. ఆ బండిని మళ్లీ అమ్మకానికి పెట్టారని తెలిసింది కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

నేను 25,000 అడ్వాన్సు ఇచ్చాను. ర్యాంపు ఎక్కించి కింద చూశాకే మిగతా డబ్బు అని మొదటి రోజే మాట అనుకున్నాం. అక్కణ్నుంచి సాకులు మొదలయ్యాయి. ర్యాంపు ఖాళీ లేదన్నారు. కింద కొత్తగా కోటింగ్ కొట్టించాం, ఆరలేదన్నారు. "పాత బండికి కింద ఏముంటుంది సార్, ఇంజన్ వినండి, చప్పుడుందా?" అన్నారు. చివరికి మా బావ గట్టిగా పట్టుబడితే బండిని ఆటోనగర్‌లో మాకు తెలిసిన టింకరింగ్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లనిచ్చారు.

మేస్త్రి ఇంజన్ జోలికే పోలేదు. డోర్ల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే బాక్సు లాంటి రేకు ఉంటుంది కదా, దాని మీదున్న నల్ల కోటింగ్‌ని స్క్రూడ్రైవర్‌తో గీకాడు. కోటింగ్ కింద పుట్టీ. పుట్టీ కింద ఫైబర్ మ్యాట్. దాని కింద రివెట్లు కొట్టిన జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) ముక్క. ఆ ముక్క వెనక ఏమీ లేదు, వేలు పెడితే లోపలికి పోయింది. బాక్సుకు అడుగున నీళ్లు కారడానికి ఉండే రంధ్రంలో తీగ తిప్పితే ఎండిన బూడిదరంగు మట్టి రాలింది. "నీళ్లలో మునిగిన బండి బాబూ ఇది" అన్నాడు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అప్పుడు మునిగిన కార్లకు లెక్కలేదు. ఈ పద్మిని వాటిలో ఒకటో, ఇంకో వాగులో మునిగిందో తేల్చే దారి నాకు లేదు. అయితే హెడ్‌లైట్ డోమ్‌ల లోపల, వెనక సీటు స్ప్రింగుల మీద, డాష్‌బోర్డు వెనక వైర్ల కట్ట మీద ఒకే ఎత్తులో మట్టి చార ఉంది. సీటు కవర్లు కొత్తగా ఎందుకు వేశారో అప్పుడర్థమైంది.

తుప్పు లేని పాత బండి ఉండదు కదా, దీనికింత రాద్ధాంతం ఎందుకంటారా? తుప్పు ఎక్కడ పట్టిందన్నదే అసలు లెక్క. మడ్‌గార్డు, బానెట్, డోర్ అడుగు తుప్పుపడితే అది రంగు ఖర్చు, టింకరింగ్ ఖర్చు. జీపుకైతే కింద విడిగా షాసీ ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా అంతే, బోల్టులు విప్పి బాడీ పైకెత్తి, షాసీని విడిగా బాగుచేసుకోవచ్చు. పద్మినికి, అంబాసిడర్‌కి ఆ సౌకర్యం లేదు. వీటికి బాడీయే షాసీ. ఫ్లోరు, డోర్ల కింది బాక్సులు, మధ్య పిల్లర్లు, పైకప్పు కలిసి బరువు మోస్తాయి. తాటాకు బుట్టకు ఒక పక్క అల్లిక ఊడితే బుట్టంతా వంకరపోయినట్టు, ఇందులో డోర్ల కింది బాక్సు పోతే మిగతా బండి మెల్లగా కుంగుతుంది. గుద్దినప్పుడు మనిషిని కాపాడాల్సిన రేకు కూడా అదే.

పద్మినిలో నేనైతే మూడు చోట్లు చూస్తాను. డోర్ల కింది బాక్సులు, వెనక కమాన్ కట్టల కొసలు బాడీకి బిగుసుకునే చోటు, ముందు చక్రాల ఆర్ములను మోసే అడ్డదూలం బాడీకి కలిసే చోటు. కమాన్ కట్టల దగ్గర తుప్పును చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అక్కడ రేకు చిరిగితే వెనక యాక్సిల్ పక్కకు జరుగుతుంది. రోడ్డు మీద వెళ్తున్నప్పుడు అది జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అంబాసిడర్ సంగతి ఇంకా తిరకాసు. ముందు సస్పెన్షన్‌కి స్ప్రింగు బదులు పొడుగాటి టోర్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు ఉంటాయి. వాటి వెనక కొసలు ఫ్లోర్ కింద అడ్డంగా పోయే ఒక దూలంలో బిగుసుకుంటాయి. బండి ముందు బరువంతా ఆ బార్లను మెలిపెడుతుంటే, ఆ మెలిని పట్టి ఆపేది ఈ దూలమే. అది తుప్పుతింటే పైన అతుకేసి లాభం లేదు, మొత్తం కోసి కొత్తది చేసి పెట్టాల్సిందే. అంబాసిడర్ ముందు ఒక పక్కకి వాలి కనిపిస్తే "బార్ అడ్జస్ట్ చేస్తే సరిపోతుంది" అంటారు. నిజంగానే అడ్జస్ట్‌మెంట్ తోనే పోయేది కావచ్చు. కానీ కార్పెట్ ఎత్తి, సీటు తీసి ఆ దూలాన్ని చూసేదాకా ఆ మాట నమ్మకండి.

యాక్సిడెంట్ బండి అయితే తుప్పు కంటే కొలత ముఖ్యం. ఖర్చులేని పద్ధతి ఉంది. చదునైన సిమెంటు నేల మీద బండి నిలిపి, స్టీరింగ్ నేరుగా పెట్టి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు పక్కలా కొలవండి. పద్మినికి ఆ దూరం 2,340 మిల్లీమీటర్లు, అంబాసిడర్‌కి 2,464. ఒక పక్కకీ రెండో పక్కకీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే దానికి కారణం ఉండి తీరాలి. తర్వాత తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండు కట్టి, బండి అడుగున రెండు పక్కలా ఒకేలా ఉండే బోల్టుల నుంచి నేల మీదకు చాక్‌పీసుతో గుర్తులు పెట్టండి. బండి తోసేసి ఆ గుర్తుల మధ్య ఐమూల కొలతలు తీయండి. రెండు ఐమూలలు కలవకపోతే బాడీ మెలిపడింది. ఇంకో చిన్న పరీక్ష: డోరు తెరిచి పెట్టి ఆ పక్క జాకీ ఎత్తండి, ఇప్పుడు డోరు మూయండి. మామూలుగా పడాల్సిన డోరు పట్టేస్తే, లేదా పైన సందు పెద్దదై కింద మూసుకుపోతే బాడీలో బిగువు పోయినట్టు. మా బండికి జాకీ ఎత్తగానే కరకరమని శబ్దం వచ్చింది. మేస్త్రి వెంటనే దించేశాడు.

అయస్కాంతం పరీక్ష అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. పలచటి గుడ్డ చుట్టి జరపండి, పట్టు వదిలిన చోట పుట్టీ ఉంది. కానీ మా బండిలో జీఐ రేకు అతికారు కాబట్టి చాలా చోట్ల అయస్కాంతం బాగానే పట్టింది. అందుకే స్క్రూడ్రైవర్ కావాలి. స్క్రూడ్రైవర్ పెట్టనివ్వని అమ్మకందారు మీకు చెప్పాల్సింది చెప్పేసినట్టే.

ఇక డబ్బు. మేస్త్రి వేసిన అంచనా, రెండు పక్కలా బాక్సులు, ముందు ఫ్లోరు, కమాన్ కట్టల దగ్గర బలం, ఆపైన రంగు కలిపి మూడున్నర లక్షలకు తక్కువ కాదు. అది కూడా విప్పకముందు చెప్పిన మాట, విప్పితే పెరుగుతుంది, తగ్గిన చరిత్ర లేదు. కొన్నది 2.8, బాగుచేయించేది 3.5, కలిపితే ఆరు దాటింది. నేను చూసినంతలో తుప్పులేని, చక్కగా నడిచే పద్మిని నాలుగు లక్షలకే దొరుకుతోంది. పద్మిని అరుదైన బండి కాదు, ముంబై కుర్లాలో దశాబ్దాల పాటు తయారైంది. ఇంజన్ పని పెద్ద సమస్యే కాదు, 1,089 సీసీ ఇంజన్ తెలిసిన మెకానిక్కులు ఇంకా ఉన్నారు. అయినా అమ్మేవాళ్లంతా ఇంజనే వినిపిస్తారు, తక్కువ ఖర్చుతో మెరుగుపడేది అదే కాబట్టి.

మరి ఎప్పుడు బాగుచేయించాలి? ఆ బండి మీ నాన్నగారిదైతే నా లెక్కలు పక్కన పెట్టండి, అది వేరే లెక్క. హెరాల్డ్ టూ డోర్, యాభైల నాటి ఫియట్ మిల్లేసెంటో, ల్యాండ్‌మాస్టర్ లాంటి తక్కువగా మిగిలినవైతే కుళ్లిన బాడీ కూడా నిలబెట్టుకోదగిందే. మామూలు పద్మిని, మామూలు అంబాసిడర్ అయితే, పైన చెప్పిన ముఖ్యమైన చోట్లలో ఒకటి పోయినా ఇంకో బండి చూసుకోవడమే నయం అని నా అభిప్రాయం. ఒకే ఒక పక్క బాక్సు పోయి, కొలతలు కలిసి, ధర తుక్కు ధరకు దగ్గరగా ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు.

చేయించేవాళ్లు మేస్త్రిని ఒక్కటడగండి, బాక్సు కోసేముందు ఏం చేస్తావని. డోరు ఖాళీకి అడ్డంగా ఇనుప పైపు వెల్డింగ్ పెట్టి బిగిస్తానని, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క కోస్తానని చెప్తే పని తెలిసినవాడు. బ్రేసింగ్ లేకుండా రెండు పక్కలా కోసేస్తే బండి మధ్యలో కుంగి, ఆ తర్వాత ఏ డోరూ సరిగా పడదు. ఈ పనికి గ్యాస్ వెల్డింగ్ వద్దు, వేడికి రేకు ముడతలు పడుతుంది. మిగ్ వెల్డింగ్ కావాలి. జీఐ షీటు అతికితే వెల్డింగ్ పడ్డచోట జింకు కాలిపోయి సరిగ్గా అతుకు దగ్గరే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

"బొంబాయి నుంచి ఒరిజినల్ బాడీ ముక్కలు తెప్పిస్తాం" అన్న మాట కూడా విన్నాను. అక్కడ చివరి పద్మిని ట్యాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది, ఇరవై ఏళ్ల పరిమితి ముగిసి 2023 అక్టోబరు చివర్లో రోడ్డు దిగింది. సముద్రపు గాలిలో ఇరవై ఏళ్లు కిరాయికి తిరిగిన బండి నుంచి కోసిన బాక్సు మీ బండి బాక్సు కంటే బాగుంటుందని నేననుకోను. అంతకంటే ప్రమాదం, ఇంకో బండి సగం బాడీ తెచ్చి అతికించి, పాత షాసీ నంబరు ముక్కను దానికి అంటించడం. నంబరు ఆర్సీతో కలవకపోతే రవాణా శాఖ రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు. నంబరు ప్లేటు చుట్టూ వెల్డింగ్ గీతలు కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చని ఆశపెడతారు. 2021 నిబంధనల ప్రకారం దానికి 20,000 ఫీజు, పదేళ్లు చెల్లుతుంది, కానీ షాసీ, బాడీ షెల్, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. పైగా రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి ఆ రిజిస్ట్రేషన్ పనికిరాదు.

నా అడ్వాన్సు ఇంకా రాలేదు. "వద్దన్నది మీరే కదా" అంటున్నారు. రశీదులో "అడ్వాన్సు ముట్టింది" అని తప్ప ఇంకేమీ లేదు. మీరిచ్చేటప్పుడు "ర్యాంపు మీద తనిఖీలో బాడీ అడుగున తుప్పు, అతుకులు, యాక్సిడెంట్ గుర్తులు కనిపిస్తే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇవ్వబడును" అని రాయించుకుని సంతకం పెట్టించుకోండి. వ్యాపారి మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, తర్వాత జిల్లా కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు చెల్లింపులకు అక్కడ ఫీజు లేదు. ఇదే బండికి ఇంకెవరైనా అడ్వాన్సు ఇచ్చి ఉంటే రశీదు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ జాగ్రత్తగా దాచుకోండి. ఒకే రకంగా నష్టపోయినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేసుకోవచ్చు.