శాన్సా క్లిప్ ప్లస్: ఏళ్ల తరబడి వాడాక

యాపిల్ వాళ్ల పాటల ప్లేయర్ ఐపాడ్ నానోకి మొదటిసారి ఎఫ్‌ఎం రేడియో వచ్చింది 2009లో. శాన్‌డిస్క్ కంపెనీ చిన్న పాటల ప్లేయర్ శాన్సా క్లిప్ ప్లస్ వచ్చిందీ ఆ ఏడాదే. నానోకి కెమెరా, రంగుల తెర ఉన్నాయి. క్లిప్ ప్లస్‌కి అవేం లేవు. 24 గ్రాముల ప్లాస్టిక్ డబ్బీ, జేబుకి తగిలించుకునే క్లిప్పు, పక్కన మైక్రోఎస్‌డీ స్లాట్, అంతే. ఆ స్లాటే దీన్ని ఇన్నాళ్లు బతికించింది. నానో 8 జీబీది కొంటే చివరిదాకా 8 జీబీయే, పాట ఎక్కాలంటే కంప్యూటర్లో యాపిల్ వాళ్ల ఐట్యూన్స్ సాఫ్ట్‌వేర్ ఉండాల్సిందే. దీనికి పెన్‌డ్రైవ్‌లో వేసినట్టు కాపీ కొడితే చాలు. కాకపోతే ముందు సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ మోడ్‌ని ఎంఎస్‌సీకి (కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్‌లా కనిపించే పద్ధతికి) మార్చుకోవాలి.

కంపెనీ చెప్పిన కార్డు పరిమితి 32 జీబీ. 64 జీబీ కార్డూ నడుస్తుంది గానీ దాన్ని ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. మామూలు విండోస్ ఫార్మాట్‌లో 32 జీబీ దాటితే ఆ ఆప్షన్ కనిపించదు, విడిగా టూల్ వాడాలి. 320 కేబీపీఎస్‌లో 5 నిమిషాల పాట 12 ఎంబీ, ఆ లెక్కన 32 జీబీలో 2,600 పాటల దాకా పడతాయి.

అసలు తలనొప్పి ఇక్కడే. పాటలు పెరిగేకొద్దీ ఆన్ చేసిన ప్రతిసారీ మీడియా రిఫ్రెష్ అంటూ నిమిషాలు తింటుంది. ఒక్కోసారి మ్యూజిక్ డేటాబేస్‌కి చోటు లేదని మొరాయిస్తుంది. కారణం చాలావరకు పాటల ట్యాగుల్లో (పాట పేరు, గాయకుల పేరు లాంటి వివరాలు ఫైల్లోనే ఉండే చోటు) ఇరికించిన పెద్ద పెద్ద పోస్టర్ బొమ్మలే. బొమ్మలు తీసేసి, లోపలి మెమరీలో MTABLE.SYS ఫైలు డిలీట్ చేస్తే జాబితా మళ్లీ కొత్తగా తయారవుతుంది. తెర బిగుసుకుపోతే పవర్ బటన్ 20 సెకన్లు నొక్కి పట్టుకోవాలి.

ఈ గోల పడలేనివాళ్లు కంపెనీ ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) బదులు రాక్‌బాక్స్ అనేది వేసుకోవచ్చు, ఉచితం. ఫోల్డర్ల వారీగా వినొచ్చు కాబట్టి ఒకప్పటి ఎంపీ3 సీడీల నుంచి తెచ్చుకున్న, ట్యాగుల్లో 'ట్రాక్ 01' తప్ప మరేమీ లేని పాటలకి ఇదే దిక్కు. పాత ఫర్మ్‌వేర్ ఎక్కడికీ పోదు. ఎడమ బటన్ పట్టుకుని ఆన్ చేస్తే అదే వస్తుంది. ఫైళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచుకోండి, ఒత్తులూ గుణింతాలూ కలిపి చూపడం దీనికి రాదు.

విజయవాడ వాళ్లకి ఒక్క మాట. రాక్‌బాక్స్‌లో ఎఫ్‌ఎం రీజియన్ అమెరికా మీద ఉంటే ట్యూనర్ 0.2 మెగాహెర్ట్జ్ చొప్పున, చివర బేసి అంకె ఉన్న స్టేషన్ల మీదే దూకుతుంది. 98.3 దొరుకుతుంది, ఆకాశవాణి రెయిన్‌బో 102.2 మాత్రం సరిగ్గా తగలదు. యూరప్‌కి మార్చండి. అదే కంపెనీ ఫర్మ్‌వేర్‌లో మాత్రం యూరప్ ఎంచుకోకూడదు, వాల్యూమ్ తగ్గించేస్తుంది. అక్కడ 'రెస్ట్ ఆఫ్ వరల్డ్' పెట్టాలి. ఇయర్‌ఫోన్ వైరే యాంటెన్నా కాబట్టి దాన్ని చుట్టేసి జేబులో కుక్కితే సిగ్నల్ పడిపోతుంది. గుంటూరు వైపు వెళ్తూ బుస్సుమని మోత మొదలైతే ఫోర్స్ మోనో (స్టీరియో ఆపేసి రెండు చెవులకీ ఒకే ధ్వని ఇచ్చే ఆప్షన్) ఆన్ చేసి చూడండి.

ధ్వనికి వంక పెట్టలేం. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (ఇయర్‌ఫోన్ సాకెట్ వైపు ఉండే విద్యుత్ నిరోధం) 1 ఓమ్ దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్లో బేస్ తేడా రాదు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లని మాత్రం లాగలేదు.

బ్యాటరీకి కంపెనీ చెప్పింది 15 గంటలు. పాతబడ్డాక అందులో సగం వస్తే గొప్ప. రోహిణి కార్తెలో స్కూటర్ డిక్కీలో వదిలేస్తే అదీ రాదు. లిథియం బ్యాటరీకి బెజవాడ ఎండంత శత్రువు లేదు. వెనక మూత అతుకు దగ్గర సందు కనిపిస్తోందంటే బ్యాటరీ ఉబ్బుతోందని అర్థం, వెంటనే ఛార్జింగ్ ఆపేయాలి. మార్చాలంటే మూతని ఇనుప పనిముట్టుతో కాకుండా ప్లాస్టిక్ కార్డుతో లేపాలి. బ్యాటరీ తీగలు బోర్డుకి నేరుగా టంకం వేసి ఉంటాయి. ఒకేసారి కత్తిరిస్తే కత్తెర వాటిని కలిపి షార్ట్ చేస్తుంది, అందుకని ఒక్కోటే తీయాలి. కొత్తది 3.7 వోల్టులది, రక్షణ సర్క్యూట్ ఉన్నదే తీసుకోండి. గవర్నర్‌పేటలో చేయి తిరిగిన సెల్ రిపేరు అబ్బాయికి ఇది పెద్ద పనేం కాదు. కేబుల్ వంచి పట్టుకుంటే తప్ప ఛార్జ్ ఎక్కకపోతే అది మినీ యూఎస్‌బీ సాకెట్ టంకం వదిలిన లక్షణం. అదీ అక్కడే వేయించుకోవచ్చు.

ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్ హ్యాండే. తరవాత వచ్చిన క్లిప్ స్పోర్ట్, క్లిప్ జామ్‌ల మీద రాక్‌బాక్స్ నడవదు, పేరు చూసి మోసపోకండి. డబ్బిచ్చే ముందు సొంత కార్డు పెట్టి పాట ఆడించండి, ఇయర్‌ఫోన్ పిన్ను తిప్పుతూ రెండు చెవులకీ వినిపిస్తోందో లేదో చూసుకోండి.