మంగు మచ్చలకు అజెలాయిక్ ఆసిడ్: ఏడాదికి పైగా వాడిన అనుభవం

రెండవ కాన్పు తరువాత నా చెంపల మీద, పై పెదవి మీద మంగు పరుచుకుంది. బిడ్డకు పాలిస్తున్న రోజుల్లోనూ వాడదగినదని చెప్పి, చర్మవైద్యురాలు 20 శాతం అజెలాయిక్ ఆసిడ్ క్రీము రాసిచ్చారు. ఏడాదికి పైగా అదే వాడుతున్నాను. మచ్చలు పూర్తిగా పోలేదు గానీ, అంచులు చెదిరి, రంగు పలచబడి, దగ్గరగా చూస్తే తప్ప తెలియని స్థితికి వచ్చాయి. మంగు అదుపులో ఉండేదే గాని శాశ్వతంగా వదిలిపోయేది కాదు కనుక, నాకు ఈ ఫలితం ఎంతో తృప్తినిచ్చింది.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి అవసరమైన టైరోసినేజ్ అనే ఎంజైమును ఈ ఆమ్లం అడ్డుకుంటుంది. అతిగా పనిచేసే రంగు కణాల మీదే దీని ప్రభావం ఎక్కువ కాబట్టి చుట్టూ ఉన్న మామూలు చర్మం తెల్లబడలేదు. మొదటి వారాల్లో రాసిన కాసేపటికే చీమలు పాకినట్టు దురద పుట్టేది; ముఖం బాగా తడి ఆరాక, ముందు పలుచగా మాయిశ్చరైజరు రాసి, ఆపైన క్రీము రాయడం మొదలుపెట్టాక ఆ బాధ తగ్గింది. క్రీము చిక్కగా ఉంటుంది. గట్టిగా రుద్దితే తెల్లని నలకలుగా రాలిపోతుంది కనుక వేలి కొసలతో అద్దుకోవాలి. మూడు నెలలు దాటేవరకు చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

అయితే సన్‌స్క్రీన్ లేకుండా ఈ క్రీము ఒక్కటే రాస్తే శ్రమ వృథా. అతినీలలోహిత కిరణాలే కాక, కంటికి కనిపించే వెలుతురు కూడా మన చామనచాయ చర్మంలో మంగును ముదరబెడుతుంది. ఆ వెలుతురును మామూలు తెల్లని సన్‌స్క్రీన్ అంతగా ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ అనే రంగు పొడి కలిసిన, చర్మపు రంగులో ఉండే రకానికి మారిన తరువాతే, వేసవిలోనూ నా మచ్చలు ముదరకుండా నిలిచాయి. కిటికీ పక్కన కూర్చునే రోజున ఇంట్లోనూ రాసుకుంటాను.

విటమిన్ బి3లో ఒక రూపమైన నయాసినమైడ్‌ను 5 శాతం మోతాదులో తోడుగా వాడాను. చర్మం నునుపుదేలింది గాని మచ్చల మీద దాని వల్ల అదనంగా కలిగిన మేలు స్వల్పమే. విటమిన్ సి సీరం మన ఎండలకు త్వరగా గోధుమరంగుకు తిరిగి పాడవుతోంది కనుక మళ్ళీ కొనలేదు.

హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, స్టిరాయిడ్ అనే మూడు మందులూ కలిసిన క్రీములను మాత్రం వైద్యుల పర్యవేక్షణ లేకుండా ముట్టుకోవద్దని వేడుకుంటున్నాను. కొద్ది వారాల్లోనే ముఖం తేటపడుతుంది. కానీ నెలల తరబడి రాస్తే స్టిరాయిడ్ వల్ల చర్మం పలచబడి, ఎర్రని రక్తనాళాలు పైకి తేలి, నూగు వెంట్రుకలు పెరుగుతాయి. ఇప్పటికే వాడుతున్నవారు ఒక్కసారిగా మానేస్తే ముఖం మండి ఎర్రబారవచ్చు కనుక, ఎలా మానాలో చర్మవైద్యులనే అడగాలి.