పర్లాకిమిడిలో షెల్ స్క్రిప్టింగ్ తరగతి: 2,800 రూపాయలకు ఏమి వచ్చింది

నాది ఫొటో స్టూడియో. పర్లాకిమిడిలో పాతికేళ్ళుగా నడుపుతున్నాను. ఒడిశా-ఆంధ్ర సరిహద్దు ఊరు కనుక ముహూర్తాల రోజుల్లో పొద్దున పాతపట్నంలో తెలుగువాళ్ళ పెళ్ళి, రాత్రి ఇక్కడ ఒడియావాళ్ళ పెళ్ళి. ఒక్కో పెళ్ళికి రెండు కెమెరాల మీద 3,000 ఫొటోలకు తక్కువ రావు. రెండు కెమెరాలూ ఒకే వరస అంకెలు వేస్తాయి. ఒకే ఫోల్డర్‌లోకి నకలు తీస్తే వధువు తల మీద తలంబ్రాలు పడే ఫొటో మీద వంటవాళ్ళ ఫొటో వచ్చి కూర్చుంటుంది. పేర్లు మార్చడం, నకళ్ళు తీయడం, పాతవి తీసేయడం చేత్తో చేసి చేసి విసిగిపోయి, 52 ఏళ్ళ వయసులో షెల్ స్క్రిప్టింగ్ (కంప్యూటర్‌కు ఇవ్వవలసిన ఆదేశాలను ఒక ఫైలులో వరుసగా రాసిపెట్టి పని చేయించడం) తరగతిలో చేరాను. సంస్థ పేరు రాయడం లేదు. మెచ్చుకునేదానితో పాటు తిట్టేది కూడా ఉంది.

బస్టాండుకు దగ్గరలో మేడ మీద రెండు గదులు. 24 సాయంత్రాలు, ఆరున్నర నుంచి ఎనిమిది దాకా. 12 కంప్యూటర్లలో పనిచేసేవి తొమ్మిది. అన్నీ పాతవే, అన్నిటిలోనూ విండోస్ బదులు ఉబుంటు అనే లైనక్స్. నాతోపాటు చేరినవాళ్ళంతా ఇంజినీరింగ్ పిల్లలు. మొదటి రోజు నన్ను చూసి ఎవరి తండ్రో ఫీజు కట్టడానికి వచ్చాడనుకున్నారు. మాస్టారు కాశీనగర్ నుంచి వస్తాడు, ఇంకా ముప్పై నిండలేదు. పిల్లలతో ఒడియాలో మొదలుపెట్టిన వాక్యాన్ని నా వైపు తిరిగి తెలుగులో ముగిస్తాడు. నన్ను ‘మావుసా’ (ఒడియాలో బాబాయి) అని పిలుస్తాడు, నేను ‘మాస్టారూ’ అంటాను.

అతనిలో నచ్చింది మొదట చెబుతాను. టైపు చేయించకుండా ఏదీ వివరించడు. తొలి సాయంత్రం మూడే ఆదేశాలు నేర్పాడు: నేను ఎక్కడ ఉన్నాను, ఇక్కడ ఏమున్నాయి, అక్కడికి వెళ్ళు. గంటన్నర సేపు వాటితోనే ఫోల్డర్లలో తిప్పాడు. షెల్ అంటే ఏమిటో రెండో రోజు చెప్పాడు. "కొత్తగా చేరిన గుమస్తా అనుకోండి మావుసా. మీరు చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాడు. మీ మనసులో ఏముందో అడగడు." గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ఆయన పట్టుబట్టింది ఇక్కడి నుంచే. అలాంటి ఊళ్ళో కంప్యూటర్ పాఠం నోటిమాటగా తెలుగులో వినడం నాకు తృప్తిగా అనిపించింది. ఇచ్చిన నోట్సు మాత్రం పూర్తిగా ఇంగ్లిషు. దాని సంగతి తరువాత.

చరిత్ర ఒక అరగంట చెప్పాడు. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యునిక్స్ ఏడో వెర్షన్‌తో బయటికి వచ్చింది. గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ 1989లో వచ్చింది. బాష్ అంటే ‘మళ్ళీ పుట్టిన బోర్న్ షెల్’ అని చమత్కారం. పిల్లలు ఫోన్లు చూసుకున్నారు. నాకు మాత్రం ఇది వారం తిరక్కుండానే పనికొచ్చింది. స్క్రిప్టును ఏ షెల్ నడపాలో దాని మొదటి వరుసలో చెప్పాలి. అక్కడ బాష్ బదులు ఎస్‌హెచ్ అని రాస్తే, రెండేసి చదరపు బ్రాకెట్లు ఉన్న చోట నా పని ఆగిపోయింది. ఉబుంటులో 2006 నుంచి ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే వేరే చిన్న షెల్. దానికి బాష్ మాటలన్నీ రావు.

పాఠాల్లో అన్నిటికన్నా రుచిగా ఉన్నవి ఖాళీ జాగాల గొడవలు. వేరియబుల్‌కు, అంటే విలువను దాచుకునే పేరుకు, విలువ ఇచ్చేటప్పుడు సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. వదిలితే షెల్ ఆ మొదటి మాటను ఆదేశం అనుకుని, అలాంటి ఆదేశం లేదంటుంది. షరతు నిజమో కాదో చూసే చదరపు బ్రాకెట్ దగ్గర దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఖాళీ వదిలి తీరాలి, ఎందుకంటే ఆ బ్రాకెట్ తానే ఒక ఆదేశం. ఇంకో వింత, పని సరిగా జరిగితే షెల్ ఇచ్చే మార్కు సున్నా. చెడితే ఒకటి నుంచి 255 దాకా ఏదైనా కావచ్చు. పని సరిగ్గా జరగడానికి దారి ఒకటే, చెడిపోవడానికి అనేకం కనుక అలా పెట్టారట. నా లెక్కల మార్కులు చూసి మా నాన్నగారికి ఈ మాట చెప్పగలిగి ఉంటే బాగుండేది.

రెండో వారంలో ఇంట్లో విండోస్ కంప్యూటర్ మీద నోట్‌ప్యాడ్‌లో స్క్రిప్టు రాసి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళాను. ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అని వచ్చింది. అక్షరం అక్షరం చూసినా తప్పు కనిపించలేదు. మాస్టారు నవ్వి, "మీరు టైపు నేర్చుకున్నారా?" అని అడిగాడు. నేర్చుకున్నాను, లోయరు ప్యాసయ్యాను. "వరుస చివర క్యారేజీని వెనక్కి నెట్టడం ఒక పని, కాగితాన్ని పైకి జరపడం ఇంకో పని కదా. విండోస్ ఆ రెండు గుర్తులూ వేస్తుంది. లైనక్స్‌కు రెండోది ఒక్కటే చాలు. మొదటిది బాష్ పేరు చివర అంటుకుపోయింది, అందుకే అలాంటి ప్రోగ్రామ్ లేదంటోంది." తరగతిలో ఆ మాట అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు టైపు మిషను చూసి ఎరగరు.

ఇక తిట్టు. కొటేషన్ గుర్తుల పాఠం మూడో వారం చివర పెట్టారు. ఫైళ్ళు తీసేసే ఆదేశం మొదటి వారంలోనే నేర్పారు. ఈ రెండిటి మధ్య నా కొంప మునిగింది.

స్టూడియోలో ఒక కంప్యూటర్‌కు ఉబుంటు ఎక్కించుకుని సొంత ప్రయోగాలు మొదలుపెట్టాను. తీసేయవలసిన పాత ఫోల్డర్ల పేర్లు ఒక ఫైలులో వరుసకొకటి రాశాను. స్క్రిప్టు ఒక్కో పేరునూ వేరియబుల్‌లోకి తీసుకుని ఆ ఫోల్డర్‌ను తీసేయాలి. పేర్లు తెలుగులో పెట్టినా షెల్ కాదనదు (వేరియబుల్ పేరుకు మాత్రం తెలుగు కుదరదు). జాబితాలో మొదటి పేరు ‘పెళ్ళి పాతపట్నం’. మూడేళ్ళ నాటిది, వాళ్ళు ఆల్బం తీసుకెళ్ళిపోయారు. అదే చోట ఉత్త ‘పెళ్ళి’ అని ఇంకో ఫోల్డర్ ఉంది. మొన్నటి పెళ్ళి ఫొటోలు తొందరలో పేరు పెట్టకుండా అందులో పోశాను. స్క్రిప్టులో డాలర్ గుర్తుతో మొదలయ్యే ఆ వేరియబుల్ చుట్టూ కొటేషన్ గుర్తులు లేవు. లేకపోతే షెల్ ఖాళీ దగ్గర పేరును రెండుగా విరుస్తుంది. ముందు ‘పెళ్ళి’ని తీసేసింది. తరువాత ‘పాతపట్నం’ అనేది లేదని నాకు మర్యాదగా తెలియజేసింది. పోవలసినది చెక్కుచెదరలేదు, ఉండవలసినది పోయింది. షెల్ నుంచి తీసేసినవి చెత్తబుట్టలోకి వెళ్ళవు, నేరుగా పోతాయి. ఆ వారం వేరే ముహూర్తాలు లేక కెమెరా కార్డులు చెరపలేదు కనుక గట్టెక్కాను.

మర్నాడు మాస్టారికి చెబితే మొహం మాడ్చుకున్నాడు. "సిలబస్ నాది కాదు మావుసా, పైనుంచి వచ్చింది" అన్నాడు. ఆ రోజు పాఠం పక్కన పెట్టి రెండు విషయాలు చెప్పాడు. ఫీజు మొత్తం ఆ గంటన్నరకే గిట్టుబాటయింది. వేరియబుల్ ఎక్కడ వాడినా, కొటేషన్ అక్కరలేదని కచ్చితంగా తెలిస్తే తప్ప, దాన్ని జంట కొటేషన్ల మధ్యే ఉంచాలి. తీసేసే ఆదేశమైనా, పేరు మార్చే ఆదేశమైనా, మొదటిసారి దాని ముందు ఎకో అనే ఆదేశం తగిలించాలి. అప్పుడు షెల్ పని చేయదు, ఏం చేయబోతోందో తెర మీద రాసి చూపిస్తుంది. చదువుకుని, నమ్మకం కుదిరాక ఎకో తీసేయాలి. ఇప్పుడు నా పేర్లు మార్చే స్క్రిప్టు 14 వరుసలు. కెమెరా పేరు ముందు చేర్చి, 0001 నుంచి నాలుగేసి అంకెలతో వరుస కడుతుంది. మధ్యాహ్నమంతా పట్టే పని టీ తాగి వచ్చేలోపు అయిపోతోంది.

నోట్సు గురించి చెబుతానన్నాను. దాన్ని ఎవరో వర్డ్‌లో టైపు చేశారు. వర్డ్ తన అలవాటు ప్రకారం నిటారు కొటేషన్లను వంపు కొటేషన్లుగా, ఆదేశం పక్కన అక్షరాల ముందు పెట్టే చిన్న గీతను పొడుగు గీతగా మార్చేసింది. షెల్‌కు వంపు కొటేషన్లు మామూలు అక్షరాలే, వాటి రక్షణ ఏమీ లేదు. నోట్సు నుంచి ఆదేశాన్ని నకలు చేసి అతికించిన పిల్లలు, ఆ పొడుగు గీతను ఫైలు పేరనుకుని అలాంటి ఫైలు లేదని వస్తే గింజుకున్నారు. చేత్తో టైపు చేసిన నాకు ఆ బాధ లేదు. 2,800 తీసుకున్నవాళ్ళు నోట్సును ఒకసారి కంప్యూటర్ మీద పరీక్షించి ఉండాల్సింది.

చివరి వారంలో క్రాన్ చెప్పారు, రోజూ రాత్రి తొమ్మిదింటికి నకలు తీసే ఏర్పాటు. పాఠం బాగానే ఉంది కానీ ఆ సమయానికి కంప్యూటర్ ఆపి ఉంటే ఆ రోజు పని గల్లంతేనని, క్రాన్ మరునాడు గుర్తు పెట్టుకుని చేయదని అడిగితే గానీ చెప్పలేదు. మా వీధిలో కరెంటు తీరు తెలిసినవాళ్ళు ఆ ప్రశ్న అడగకుండా ఉండరు.

మాస్టారికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. సంస్థకు రెండున్నర. కొత్త బ్యాచి రథయాత్ర తరువాత మొదలవుతుందట. చేరేవాళ్ళు ఎడమవైపు వరుసలో కూర్చోండి. కుడివైపు మూడో కంప్యూటర్‌కు కీబోర్డు మీద కొటేషన్ మీట పనిచేయదు.